కాలరక్క ఇంగ్లీషు పాఠం

బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కాలర్లు కుట్టీ కుట్టీ ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. అందరికీ కాలరక్కే. మనసు మంచిదే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ వారం మాత్రం ఆవిడకు కోపం రాలేదు, రోత పుట్టింది.

సరుకు కొనే కంపెనీ నుంచి తనిఖీకి ఒక మేడమ్ వస్తోందని సూపర్‌వైజరు ఆడవాళ్లకు ఇంగ్లీషు నూరిపోశాడు. అడ్డంకి వస్తే ‘ఫేస్’ చేయాలట, ‘ఓవర్‌కమ్’ చేయాలట, కుదిరితే ‘రిమూవ్’ చేయాలట. కాలరక్క వంతుకు వచ్చిన మాట, “వుయ్ రిమూవ్డ్ ఆల్ ఆబ్‌స్టకిల్స్.” అడ్డంకులన్నీ తీసేశాం అని దాని అర్థం.

ఇంతకీ ఏం తీశారయ్యా అంటే, మంటలొస్తే పారిపోవాల్సిన వెనక తలుపుకు ఏడాది పొడుగునా అడ్డంగా పడుండే బట్టల మూటలు. తనిఖీ రోజు పొద్దున్నే వాటిని ఆడవాళ్ల బాత్రూములో కుక్కి, బయట గడియ పెట్టి, ‘రిపేరు’ అని అట్టముక్క తగిలించారు. సాయంత్రానికి మళ్లీ ఆ తలుపు దగ్గరికే చేరతాయి. ఛీ, ప్రతిసారీ ఇదే తంతు. ఆడవాళ్లు మాత్రం పొద్దంతా ఉగ్గబట్టుకుని కూర్చోవాలి.

ఈసారి పక్క మిషను మీద కాలరక్క తోటికోడలు ఉంది, నిండు నెలలు. మొహం పాలిపోయింది.

“సార్, ఒక్క మూట పక్కకు జరపనివ్వండి. ఈ పిల్ల ఆగలేకపోతోంది,” అంది కాలరక్క.

“ఒక్కపూట ఓర్చుకోలేరా? నీ మాట సరిగ్గా అప్పజెప్పు చాలు. తేడా వచ్చిందో, రేపట్నుంచి ఇంట్లో కూర్చో.”

తోటికోడళ్లిద్దరి జీతాలతో నడిచే ఇల్లు. కాలరక్క వెళ్లి మిషను ముందు కూర్చుంది.

మధ్యాహ్నం మేడమ్ వచ్చి ఆవిడ మిషను ముందు ఆగింది. వెనక నుంచి సూపర్‌వైజరు కళ్లతోనే సైగ చేశాడు. కాలరక్క లేచి, నేర్పిన మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. మేడమ్ నవ్వి తలూపింది. ఆ నవ్వు చూసేసరికి కాలరక్కకు తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. ఇక ఆగలేదు. మేడమ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బాత్రూము గడియ లాగింది. మూటలు దభాలున కాళ్ల మీద పడ్డాయి.

“పట్టండి సార్, తీద్దాం. పిల్ల లోపలికెళ్లాలి.”

“ఇక అక్కర్లేదక్కా,” అంది తోటికోడలు కూర్చున్నచోటే, తల ఎత్తకుండా. కుర్చీ కింద నేలంతా తడి.

కాలరక్క ఒక మూట విప్పి, విదేశానికి పోవాల్సిన కొత్త బట్టను బర్రున చించి, ఆ పిల్ల నడుముకు చుట్టింది.