గీత దగ్గరే ఆగిన నీళ్ళు

మొన్న అమలాపురంలో ఒక కొట్టు దగ్గర టీ తాగుతున్నాను. లోపల టీవీలో ఎక్కడో దూరదేశంలో భూకంపం వచ్చిందని, కూలిన మేడలు చూపిస్తున్నారు. కొట్టాయన గ్లాసులు కడుగుతూనే ఒక కన్ను అటు వేసి, "మనకా బాధ లేదండీ. మనది మెత్తటి నేల. ఊగినా ఉయ్యాల్లాగే ఉంటాది" అన్నాడు. నేను "ఆయ్" అన్నాను. భూగర్భశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని, ఆ తరవాత జీవితమంతా సిమెంటు అమ్ముకుంటున్నవాణ్ణి. టీ వేడిగా ఉండగా ఎవరితోనూ వాదన పెట్టుకోను. పైగా ఆయన అన్నదాంట్లో పెద్ద అబద్ధం కూడా లేదు. మా కోనసీమ నేలకి గోల చేసే అలవాటు లేదు. చేసేదేదో నెమ్మదిగా, మర్యాదగా, నిద్రపోయేవాళ్ళని లేపకుండా చేస్తుంది. ఆ మర్యాద ఎలాంటిదో మా అత్తయ్యకి తెలుసు.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు పోతూ పోతూ, ఇంక ఊళ్ళు అయిపోయాయి అనుకున్నాక ఒక ఊరొస్తుంది, అందులో ఆవిడ కాపురం. వెనక గుమ్మం మెట్లు దిగితే పెరడు, పెరడు దాటితే వరిచేను, గట్ల మీద కొబ్బరిచెట్లు, చేను చివర నీళ్ళు బయటికి వదిలే తూము, తూము అవతల మురుక్కాలవ. ఆ కాలవ పోయి సముద్రంలో కలుస్తుంది, లేదా కలిసేది. అత్తయ్య కాపురానికి వచ్చిన దగ్గర్నించీ బియ్యం కొని ఎరగదు. కొట్లో బియ్యం అమ్ముతారని ఆవిడకి తెలియక కాదు. ఆసుపత్రిలో రక్తం అమ్ముతారని తెలిసినట్టే అదీ తెలుసు, మనదాకా రాకూడదని కోరుకునే సంగతుల్లో ఒకటిగా. చుట్టాలింటికి పెళ్ళికి వెళ్ళినా సంచిలో సొంత బియ్యం పట్టుకెళ్ళేది. మా ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ వండిన అన్నం రెండు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూసి, "బానే ఉందిలే వదినా, పాపం" అనేది. ఆ పాపం మా అమ్మకో బియ్యానికో ఎప్పుడూ తేల్చలేదు.

మావయ్యగారు తక్కువ మాట్లాడతారు. నిజానికి ఆయన మాట్లాడేది ఒకటే మాట, "ఆయ్". అందులోనే అవుననీ, కాదనీ, ఇంక చాలించమనీ పలికించగలరు. నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవలకి వెళ్ళి, కొత్తగా నేర్చుకున్న చదువంతా వాళ్ళ వసారాలో దింపేవాణ్ణి. మనం నిలబడ్డ నేల ఒక పెద్ద పలక అనీ, అది గోళ్ళు పెరిగినంత నిదానంగా ఈశాన్యంవైపు జరుగుతోందనీ, అలా జరిగి జరిగి అవతలి పలకని గుద్దితేనే హిమాలయాలు లేచాయనీ చెప్పేను. అత్తయ్య చేటలో బియ్యం చెరుగుతూ శ్రద్ధగా వింది.

"పొలంతో సహానా?"

"పొలంతో సహానే అత్తయ్యా."

"ఈ మాట బయట అనకురా నాన్నా. అసలే పక్క చేనువాడు గట్టు జరుపుతున్నాడు. అడిగితే గట్టే ఈశాన్యానికి జరిగిందంటాడు."

మావయ్యగారు "ఆయ్" అన్నారు. ఇంకో సెలవుల్లో, లోపలి రాయి గట్టిగా ఉంటూనే పారుతుందని చెప్పేను. ఎండలో పెట్టిన బెల్లం దిమ్మ చూడు, గట్టిదే, కానీ సాయంత్రానికి కాస్త కుంగి పక్కకి ఒరుగుతుంది. లోపలా అంతే. పైన బరువు పడితే కిందది పక్కకి తప్పుకుంటుంది, పైది దిగుతుంది. గోదావరి ఎన్ని వేల ఏళ్ళుగానో మట్టి తెచ్చి ఇక్కడ దింపుతోంది గనక మనమంతా ఆ బరువుమీద కూర్చున్నవాళ్ళమే. అత్తయ్యకి బెల్లం నచ్చింది. మిగతాది నాకు పరీక్షల్లో మార్కులు తెచ్చింది. భూమి లోపల జరిగే సంగతులకి అంతకు మించి పని ఉంటుందని మా ముగ్గురిలో ఎవరం అనుకోలేదు.

తరవాత కొన్నేళ్ళకి చేలోంచి నీళ్ళు బయటికి పోవడం మానేసేయి. వాన వెలిసినా, వానాకాలం వేసే సార్వా వరి మునిగే ఉండేది. సముద్రం పోటు సమయానికి కాలవలో నీళ్ళు వెనక్కి తిరిగి, తూములోంచి పిలవని చుట్టంలా చేలోకి వచ్చేవి, ఉప్పగా. ఎండాకాలం వస్తే చేలో తెల్లగా ఉప్పు పేరేది. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే చేలు తవ్వి రొయ్యల చెరువులకి ఇచ్చేసేరు. ఉప్పునీళ్ళతో పోట్లాడ్డం కంటే ఉప్పునీళ్ళలో బతికేదాన్ని పెంచుకోవడం తెలివైన పని, కాదనను. అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఊళ్ళో ఎవరో నేల దిగిపోతోందన్నారు. ఆవిడకి కోపం వచ్చింది. దిగిందో లేదో కొలుద్దామంది. మేస్త్రీలు పునాది మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం ఉంటుంది చూశారూ, సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అది నా కొట్లోంచే తెప్పించింది.

అప్పట్నించీ ప్రతి ఏడూ నారు పోసేముందు అదొక తతంగం. వెనక గుమ్మం మెట్టు మీద ఒక గీత, తూము దిమ్మ మీద ఒక గీత, మొదటి ఏడు రెండూ ఒకే మట్టాన గీసినవి. గొట్టం నిండా నీళ్ళు పోసి, అత్తయ్య ఒక కొస మెట్టు దగ్గర పట్టుకునేది. మావయ్యగారు పంచె ఎగ్గట్టుకుని, ముసలి పామును ఈడ్చుకెళ్ళినట్టు రెండో కొస చేనంతా దాటించి తూము దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఒకసారి నేనూ ఉన్నాను.

"ఏవండీ, ఆగిందా?" అని ఇక్కణ్ణించి కేక.

"ఆయ్!"

"గీత మీదేనా?"

"ఆయ్!"

"సరిగ్గా చూడండి, కళ్ళజోడు పెట్టుకున్నారా?"

దీనికి ఆయన గొట్టం చుట్టుకుంటూ వెనక్కి వచ్చేశారు.

ప్రతి ఏడూ నీళ్ళు గీత దగ్గరే ఆగేవి. అత్తయ్య మొహం వెలిగిపోయేది. "చూశావా? మన నేల ఎక్కడికీ పోలేదు. అదంతా మురుక్కాలవ పూడిపోయి వచ్చిన తంటా" అని, మర్నాడే చీర మార్చుకుని కాలవల ఆఫీసుకి బయల్దేరేది. అక్కడివాళ్ళు ఆవిణ్ణి చూడగానే కుర్చీ వేసేవాళ్ళు, అది గౌరవమో అలసటో తెలీదు. చివరికి ఒక వేసవిలో పొక్లెయిన్ వచ్చి కాలవ బాగు చేసింది. అత్తయ్య దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది, నడిపే కుర్రాడికి అన్నం పెట్టింది. కాలవ అద్దంలా తయారైంది. ఆ ఏడు ఉప్పునీళ్ళు ఇంకా సులువుగా వచ్చేయి.

అప్పుడు నన్ను పిలిపించింది. వెళ్ళేసరికి మావయ్యగారు వసారాలో కూర్చుని చేను వైపు చూస్తున్నారు. నారంతా ఎర్రగా మాడిపోయి ఉంది.

"నువ్వు చదువుకున్నావు కదా. నిజం చెప్పు. గీత సరిగ్గానే ఉంది, కాలవ బావుంది. మరి నీళ్ళెందుకు పోవురా?"

"అత్తయ్యా, నర్సాపురం రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కేవాళ్ళం గుర్తుందా? పంటు బరువెక్కి దిగుతోందనుకో. అందులో నువ్వు ఈ చివర, మావయ్యగారు ఆ చివర నిలబడి కొలుచుకుంటే ఏం తెలుస్తుంది?"

ఆవిడ మెట్టు మీది గీత చూసింది. దూరంగా తూము చూసింది. మధ్యలో నుయ్యి, కొబ్బరిచెట్లు, పాక, పక్కింటి మేడ, అన్నీ ఒక్కొక్కటే చూసింది. ఇల్లూ చేనూ ఒకే మర్యాదతో కలిసి దిగుతున్నాయి. నేల ఎవరికీ ఎవరికన్నా తక్కువ చెయ్యలేదు. ఆ ఊళ్ళో దొరికిన సమానత్వం అదొక్కటే.

"ఎందుకు దిగుతోంది?"

మట్టి తన బరువుకి తానే అణుగుతోందనీ, కింద రాయి బెల్లంలా పక్కకి తప్పుకుంటోందనీ, గోదావరి ఇదివరకట్లా కొత్త మట్టి తేవడం లేదనీ, లోపల్నించి మనుషులు తోడుకునే నీళ్ళూ గ్యాసూ ఉన్నాయనీ, ఎవరి వాటా ఎంతో తేల్చేంత చదువు నాది కాదనీ చెప్పేను. సముద్రం కూడా తన వంతుగా పెరుగుతోందని చెప్పడం ఆ పూటకి ఎక్కువనిపించి ఊరుకున్నాను.

"అయితే దీనికి ఎవరి దగ్గరికి వెళ్ళాలిరా?"

ఆవిడ జీవితమంతా ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళి పోట్లాడింది. గట్టు జరిపిన పక్క చేనువాడితో, ఆఫీసులో బాబులతో, చాలని వానలకి దేవుడితో. ఇప్పుడు నేను చూపించినవాడికి వెళ్ళి తట్టడానికి గుమ్మం లేదు.

"ఎవరూ లేరత్తయ్యా."

"మళ్ళీ పైకి వస్తాదా?"

"రాదు."

మావయ్యగారు ఎప్పుడూ లేనిది నోరు విప్పేరు. "ఇంక ఆపవే. వాడికి మజ్జిగియ్యి" అన్నారు.

మరుసటి ఏడు చేను చెరువైంది. ఇప్పుడు వెనక గుమ్మం తీస్తే రొయ్యలకి గాలి అందేలా నీళ్ళని చిలికే చక్రాలు కనిపిస్తాయి. అత్తయ్య ఆ గుమ్మం తీయదు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు వంటింటి మూలన కొట్టు బియ్యం బస్తా ఉంది, మీద రంగురంగుల ఆడమనిషి బొమ్మతో. అత్తయ్య చేట తీసి చెరగడం మొదలుపెట్టింది. రాయీ లేదు, వడ్లగింజా లేదు, తవుడూ లేదు. అయినా చెరుగుతూనే ఉంది. అన్నం వడ్డించి, తానూ ఒక ముద్ద కలుపుకుని, నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"ఎలా ఉందిరా?"

"బానే ఉందత్తయ్యా."

"ఉడికింది. అంతే" అంది.

మావయ్యగారు ఏమీ అనలేదు, "ఆయ్" కూడా.

భూమికి తొందర లేదు, కోట్ల ఏళ్ళు చేతిలో ఉన్నాయి. వాటిలోంచి మా అత్తయ్య అడిగింది ఇంకొక్క సార్వా.