మొదటి పేజీ చింపరాదు

చిన్నప్పుడు మా ఇంట్లో డిటెక్టివ్ నవలలు బోలెడు. హంతకుడు మాత్రం ఒక్కడూ దొరికేవాడు కాదు.

మా బాపుకు వరంగల్ బజారులో కిరాణా దుకాణం. జీలకర్ర, ధనియాలు, పసుపు, అన్నీ విడిగా తూచి పొట్లం కట్టి ఇచ్చే రోజులవి. పొట్లాలకు కావలసిన పాత చిత్తు కాగితం గోనెసంచుల్లో వచ్చేది. అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీలు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలం కాబట్టి ఆ సంచుల్లో పాత పేపర్ల కంటే డిటెక్టివ్ నవలలు, పిల్లల హాస్య కథలే ఎక్కువ ఉండేవి.

మాలాంటి దుకాణదారుల ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. మొదటి పేజీ అంటే సరస్వతి. కొత్త లెక్కల పుస్తకం తెరిచి మొదటి పేజీ మీద శ్రీ రాసి పసుపు పెట్టే చెయ్యి, ఏ పుస్తకానిదైనా సరే ఆ పేజీని చింపదు. అందుకని బాపు ప్రతి పుస్తకాన్నీ వెనక నుంచి చింపేవాడు. సాయంత్రానికి ముందు భాగం ఎంత మిగిలితే అంత నాది. ఆ విధంగా మా ఊరి హంతకులందరూ జీలకర్రతో పాటు ఎవరెవరి వంటిళ్లకో వెళ్లిపోయారు. పిల్లల కథల గతీ అంతే. రాజుగారి మీసం సగం గొరిగేసరికి కథ అయిపోయేది.

నాకు ఒళ్లు మండిపోయేది. అన్నం మానేసి ముసుగు తన్ని పడుకునేదాన్ని. అమ్మ మాత్రం నవ్వేది.

"సగం కథ సదివినా సగం అక్కెర తీరుతది తియ్. లేచి తిను."

బాపు ఏమీ అనేవాడు కాదు. ఆయన అసలే మితభాషి. గల్లాపెట్టె ముందు కూర్చుంటే గిరాకీకి వచ్చినవాళ్లతోనైనా నాలుగు మాటలు మాట్లాడేవాడు కానీ ఇంట్లో ఆ నాలుగూ ఉండేవి కావు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, నిరుడు దుకాణం మూసేశాం. బాపుకు మోకాళ్లు పనిచెయ్యడం లేదు. జనం కూడా ప్యాకెట్లే కొంటున్నారు, పొట్లాలు ఎవరికీ వద్దు. షట్టర్ దించిన నాటి నుంచి బాపు మాట్లాడటం దాదాపు మానేశాడు. ఏం అడిగినా "ఊ" తప్ప మరో మాట లేదు. నేను హనుమకొండ నుంచి రోజూ వచ్చి చూసి వెళ్తుంటే, అమ్మ గుమ్మం దగ్గరే పట్టుకునేది.

"మీ బాపు మతి తప్పుతాండేమోనే. జర దవాఖానకు తోల్కపోదాం."

తీసుకెళ్లాం. డాక్టర్ చూసి, పాత సంగతులు కదిలించి మాట్లాడించమన్నాడు. పొంతన లేని జవాబులు చెబితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా మళ్లీ తీసుకురమ్మన్నాడు. అప్పటి నుంచి నా గుండె బాపు నోటి దగ్గరే ఉంది. మాట్లాడకపోతే ఒక భయం. మాట్లాడితే ఏం మాట్లాడతాడో అని ఇంకో భయం.

పెళ్లి సంగతి అడిగితే "ఊ". దుకాణం పెట్టిన సంగతి అడిగినా "ఊ". ఓపిక నశించి ఒకరోజు నా పాత కోపమే బయటికి తీశాను. చిన్నప్పుడు నన్ను బాగా ఏడిపించిన నవల ఒకటుంది. పాత బంగళాలో ఒకాయన హత్య జరుగుతుంది. గదికి బయట తాళం. తాళంచెవి మాయం. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఆ తాళంచెవి ఎక్కడుందో చెప్తానని గొంతు సవరించుకుంటాడు. అక్కడికి నా పుస్తకం అయిపోయింది.

"గొంతు సవరించుకున్నోన్ని అట్లనే నిలబెట్టి చింపినవ్ బాపూ. ఆ తాళంచెవి యాడ దొరికిందో ఇప్పటికీ ఎరుక లేదు నాకు" అన్నాను.

బాపు గోడ వైపు చూస్తూ, చాలా మామూలుగా అన్నాడు. "మేక కడుపుల."

"ఏందీ?"

"మేక కడుపుల. దగ్గింది. బయటపడ్డది."

"అయ్యో, మాట్లాడిండే!" అని అమ్మ సంతోషంతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాకేమో డాక్టర్ చెప్పిన పొంతన లేని జవాబులు గుర్తొచ్చాయి. హత్య కేసులో మేక ఎందుకు ఉంటుంది? కానీ ఉండదని ఏ ఆధారంతో చెప్పను? ఆ నవల చివర నేనెప్పుడు చదివాను కనుక? బంగళా అన్నాక తోట ఉంటుంది, తోట ఉన్నాక మేక రావచ్చు. మేకలు ఏదైనా నములుతాయి. బాపు మతి తప్పిందో, రచయిత మతి తప్పిందో తేల్చేవాళ్లు ఎవరూ లేరు. ఆటోలో ఇంటికి పోతూ ఫోన్ తీసి మేకలు ఇనుము మింగుతాయా అని వెతికాను. మింగుతాయనీ ఉంది, మింగవనీ ఉంది.

చివరికి పాత పుస్తకాలు అమ్మే ఒకాయన దగ్గర ఆ నవల మొత్తం ఉందని తెలిసి తెప్పించుకున్నాను. అది వచ్చాక కవరు చింపి నేరుగా చివరి పేజీలకు పోయాను. నా చిన్నతనమంతా ఎదురుచూసిన పేజీలవి, కానీ వాటిలో నేను వెతికింది హంతకుణ్ణి కాదు. మేకను. మేక లేదు. తాళంచెవి ఊరగాయ జాడీలో దొరికింది. చంపింది వంటవాడు.

అంటే బాపు మతి తప్పినట్టే కదా. పుస్తకం సంచిలో పెట్టుకుని పుట్టింటికి వెళ్లాను. అమ్మకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. మర్నాడే దవాఖానకు పోవాలని మాత్రం నిశ్చయించుకున్నాను. అమ్మ అప్పటికే అటక మీద నుంచి నా సగం పుస్తకాలు దాచుకున్న పాత ట్రంకు దింపించి పెట్టింది.

"కథలంటే మాట్లాడుతాండు కదనే. ఇంకోటి చెప్పు."

ఇంకేం ప్రశ్నలు అడిగే ధైర్యం నాకు లేదు. ఊరికే చదివి వినిపిద్దామని చేతికందిన సగం పుస్తకం తీశాను. పిల్లల కథ అది. ఒక పిసినారి పటేల్, అల్లుళ్లు తినేస్తారని అరిసెల డబ్బా అల్మారాలో పెట్టి తాళం వేస్తాడు. ఆ తాళంచెవి పోతుంది. ఊరంతా వెతుకుతుంది. పెద్దల్లుడు బావిలోకి దిగుతాడు, చిన్నల్లుడు మామ తల మీది పగిడీ విప్పి దులుపుతాడు. నవ్వు రాని గొంతుతో చదువుకుంటూ పోయాను. అందరూ అలసిపోయి కూలబడ్డారు, అప్పుడు పటేల్ భార్య... అని ఆగిపోయింది.

"ఊరగాయ జాడీల" అన్నాడు బాపు.

నేను తలెత్తాను.

"ఊరగాయ జాడీల దొరికింది. వంటాయన ఏసిండు. ఆయన గోళ్లల్ల కారం ఉండె, గక్కడ దొరికిండు."

గోళ్లలో కారం! నా సంచిలో ఉన్న నవలలో చివరి నుంచి రెండో పేజీలో ఉంది ఆ కారం. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. పటేల్, డిటెక్టివ్, అల్లుళ్లు, మేక అందరూ నా తలలో కలగాపులగమై, మెల్లగా ఎవరి చోటికి వాళ్లు పోయారు. మేక పటేల్‌ది. జాడీ బంగళాది. రెండు కథల్లోనూ ఒక తాళంచెవి పోయింది. నేను మొదలు చెబితే, బాపు తన దగ్గరున్న రెండు చివరల్లో ఒకటి తీసి ఇచ్చాడు. అంతే. పొట్లం మారింది కానీ సరుకు సరైనదే.

"నీకెట్ల ఎరుక బాపూ ఇయన్నీ?"

"పొట్లం కట్టేముందు సదివెటోన్ని."

"ఎందుకు?"

నేనే ఏదో తెలియనిదాన్నయినట్టు చూశాడు. "నువ్వు అన్నం తినకపోదువు కదా బిడ్డా, ఆఖరుకు ఏమైందని. అడిగితే చెప్పాలె కదా అని సదివి యాదికి పెట్టుకున్న. నువ్వు ఒక్కనాడు అడగకపోతివి."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఎవరూ అడగని చివరలన్నీ ఆయన ఇన్నేళ్లుగా మోస్తున్నాడు. నేనేమో మొదళ్లన్నీ ట్రంకులో పెట్టి దాచుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి ఆ రెంటినీ ఎన్నడూ కలపలేదు.

దవాఖాన మాట ఎత్తకుండా, సంచిలోంచి కొత్తగా వచ్చిన నవల తీసి బాపు చేతిలో పెట్టాను. అలవాటుగా చివరి పేజీ తిప్పబోయి ఆగాడు. పుస్తకం నాకే తిరిగి ఇచ్చి, ఏళ్లుగా లోపల పెట్టుకున్న మాట అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"ఆ వంటాయన చంపిండని ఎరుకనే గని బిడ్డా, ఇంతకు సచ్చింది ఎవరు?"

నేను మొదటి పేజీ తెరిచాను.