అక్క పేరు లేని బోర్డు

ఇవాళ జిరాక్స్ షాపులో వేడి కాగితం వాసన తగలగానే మా అక్క గుర్తొచ్చింది. ఇంట్లో సర్క్యూట్ బోర్డులు చేసినవాళ్లకి ఆ వాసన తెలుస్తుంది.

నున్నటి కాగితం మీద తీసిన సర్క్యూట్ గీతల ప్రింటును రాగి పలక మీద బోర్లించి, చర్చికి వేసుకెళ్లే బట్టల ఇస్త్రీపెట్టెతో అక్క అదిమేది. నల్ల గీతలు అంటుకున్న చోట రాగి నిలిచేది, మిగతా రాగిని మందునీళ్లు తినేసేవి. ఒకసారి, చేపల చెరువు దగ్గర కరెంటు పోతే మోగే అలారం కోసం ఒక బోర్డు చేసింది. మూలన తన పేరు వేసుకుంది. మందునీళ్లలో వేసే ముందు ఆ పేరును నేను బ్లేడుతో గీకేశాను.

ఆ అలారం నేనే చేశానని సైన్స్ ఫెయిర్‌లో పెడితే బహుమతి నాకొచ్చింది. "బుర్ర వీడిదండీ, వీణ్ణే ఏలూరులో చదివిస్తాను," అని నాన్న మాస్టారితో అన్నారు. అక్క చదువు పదితో ఆపించారు.

నేను పేరు గీకేసిన రోజు, మందునీళ్లలోంచి తీసిన బోర్డు కడుగుతూ అక్క ఖాళీ మూలను వేలితో తడిమింది. "నా పేరు అంటుకోలేదురా. నేనే సరిగా ఇస్త్రీ చెయ్యలేదేమో."

"అవునక్కా," అన్నాను.