పక్కవాటు అసిరయ్య

అసిరయ్య ఎవరికీ ఎదురుగా కూర్చోడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. కవిటిలో కొబ్బరితోట, దాని పక్కనే జీడితోట, లోటు లేని తిండి, కంచుగంటలాంటి గొంతున్న భార్య సింహాచలమ్మ, అన్నీ ఇచ్చిన భగవంతుడు ఎదుటిమనిషి మొహం చూసి కూర్చునే అలవాటు మాత్రం ఇవ్వడం మరిచిపోయాడు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వద్దంటాడు. నేలమీద చతికిలబడి, పక్కకు తిరిగి, అరచెయ్యి నేలకానించి ఎటో చూస్తుంటాడు.

మెడ పట్టేసిందని కొందరు, ఏదో మొక్కు అని కొందరు అనుకునేవారు. "పెల్లయిన కొత్తలో నా మొకమే సూసీవోడు. మా ఇంటికా పెంపుడు కుందేలొచ్చినకాడ్నుంచీ గోడని సూత్తన్నాడు" అని సింహాచలమ్మ వాపోయేది.

రామాలయంలోనూ అంతే. "స్వామి ఇటున్నాడయ్యా" అనేవాడు పూజారి నారాయణ.

"నానొచ్చినట్టు ఆయనకి తెలుసు. ఆయన సూసీదాకా కూకుంటాను. తొందరేటుంది?"

కొడుకు కామేశ్ పెళ్ళిచూపులకు టెక్కలి వెళ్ళినప్పుడు ఆయన బీరువా వైపు తిరిగి కూర్చున్నాడు. పెళ్ళికూతురు జ్యోత్స్న కాఫీ తెచ్చి, చుట్టూ తిరిగి వచ్చి గ్లాసు అందించింది. "సల్లగా వుండమ్మా" అని బీరువాను దీవించాడు. సంబంధం నచ్చలేదేమోనని ఆడపెళ్ళివారు మూడు రోజులు నిద్రపోలేదు.

రెండువేల మూడు వైశాఖంలో పెళ్ళయింది. కామేశ్ పొద్దున్నే పలాస జీడిపప్పు బట్టీలో పనికి పోయి, దీపాలవేళకు వచ్చేవాడు. జ్యోత్స్నకు పగలంతా కొత్త గోడలు, కొత్త గిన్నెలు, మూలన బేబి అనే తెల్ల కుందేలు. అత్త నోటికి ఊరంతా భయపడుతుందని విన్నది గాని, ఆవిడ కోడలితో రెండు మాటలకు మించి మాట్లాడేది కాదు. మామ సంగతి చెప్పనే అక్కర్లేదు. మధ్యాహ్నం వంటింటి గడప దగ్గరకు వచ్చి, పక్కకు తిరిగి కూర్చుని, ఆకులో నాలుగు పనస తొనలు పక్కన పెట్టుకుని, కొబ్బరిచెట్లు చూస్తూ గంటసేపు గడిపి, ఆకు అక్కడే వదిలేసి వెళ్ళిపోయేవాడు. కుందేలుకు పెట్టాడు కాబోలనుకుంది జ్యోత్స్న. కుందేలు వాటిని ముట్టేది కాదు. పారేయడానికి మనసొప్పక ఆమె రోజూ దొడ్లో ఆవుదూడకు వేసేది.

ఒకనాడు పొయ్యి ఎంతకీ రాజుకోలేదు. కళ్ళనిండా పొగ. విసిగిపోయి నేలమీద కాలు టపీమని కొట్టింది.

బయట అసిరయ్య లేచి నిలబడ్డాడు. "ష్! కోడలుపిల్ల కాలు కొట్టింది. ఎవులూ పలకరించకండి. అందరూ దొడ్లోకి ఎల్లండి, బేగి!"

క్షణంలో అత్తతో, పనివాళ్ళతో సహా ఇల్లు ఖాళీ. జ్యోత్స్న పొగలో ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. ఈ ఇంట్లో తానంటే ఎవరికీ గిట్టదని ఆమెకు తేలిపోయింది.

ఆషాఢం వస్తోంది. కొత్తకోడలు నెలరోజులు పుట్టింటికి వెళ్ళాలి. జ్యోత్స్న బజారుకెళ్ళి టెక్కలికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, తీసుకెళ్ళు. మళ్ళీ మాత్రం పంపొద్దు."

ప్రయాణం రోజు పొద్దున బేబి చీపురుకు అడ్డమొస్తే అదిలించింది. తర్వాత గదిలో చీరలు సర్దుకుంటుంటే బేబి గడప దాటి వచ్చి, ఆమె పాదాల దగ్గర ఆగి, ఒక్కసారిగా పక్కకు దొల్లి, కాళ్ళు చాపేసింది.

"మావయ్యా! కుందేలు చచ్చిపోయింది! నేనే చంపేశాను!"

అసిరయ్య పరుగున వచ్చాడు. వచ్చి, కూర్చున్నాడు. పక్కకు తిరిగి.

"సచ్చిపోనేదమ్మా. పడుకుంది."

"కళ్ళు తెరిచే ఉన్నాయి!"

"అలాగే పడుకుంటాది. కుందేలుకి బయమేస్తే కాలు నేలకేసి కొడతాది, అప్పుడు దాన్ని ఎవులూ కదపకూడదు. బయమున్నన్నాల్లూ కాళ్ళు పొట్టకిందెట్టుకుంటాది, పరిగెట్టడానికి. నమ్మితేనే ఇలాగ దొల్లిపోద్ది. నాకాడ దొల్లడానికి ఆరు నెల్లు పట్టింది. నీకాడ రెండు నెల్లే." ఆ గొంతులో కాస్త అసూయ కూడా ఉంది.

జ్యోత్స్న కళ్ళు తుడుచుకుంది. "ముట్టుకోనా?"

"దాన్నే అడుగు. ఎదురుగా సెయ్యెట్టకు. ముక్కు ముందరున్నది దానికి కనపడదు, గెద్ద అనుకుంటాది. పక్కనుంచి సెయ్యి కిందెట్టి, ఎటో సూడు. తల దించితే సరేనన్నట్టు. అప్పుడు నుదుట్నుంచి సెవుల ఎనక్కి రాయాల. పొట్ట జోలికీ కాళ్ళ జోలికీ ఎల్లకు."

ఆమె చెయ్యి కింద పెట్టి కిటికీలోకి చూసింది. కాసేపటికి బేబి లేచి, చేతి పక్కకు వచ్చి తల దించింది. రాస్తుంటే పళ్ళు మెల్లగా కటకటమన్నాయి.

"కోపమొచ్చిందా మావయ్యా?"

"గట్టిగా నూరితే నొప్పి. ఇలా మెల్లగయితే సుకం."

జ్యోత్స్న చెయ్యి ఆగింది. గోడవైపు చూస్తూ, అరచెయ్యి నేలకానించి కూర్చున్న మామను చూసింది.

"మావయ్యా, మరి మీరు నా దగ్గర కూడా..."

అసిరయ్య చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మంలో సింహాచలమ్మ గొంతు మోగింది. "ఇంకేటి మరి! కొత్త సోటుకొచ్చిన పిల్ల, ఎవులూ మీద పడిపోకండి, తనకు తనే రావాల అని మాకు ఆర్డరేసీనాడు. మాటాడక నా నోరు మూతపడిపోనాది! రోజూ తొనలు తింతంది, మెత్తబడతందని ఒకటే మురుపు!"

దొడ్లో ఆవుదూడ రెండు నెలల్లో గుమ్మడికాయలా తయారైంది. జ్యోత్స్న అటు చూడలేదు.

"చాలా తియ్యగా ఉన్నాయి మావయ్యా" అంది.

అన్న జగదీశ్వరరావు బండి వేసుకుని వచ్చాడు. జ్యోత్స్న అత్తకు దణ్ణం పెట్టి, మామ పాదాలు తాకి, తల వంచి అలాగే ఉండిపోయింది. అసిరయ్య భార్య వంక చూశాడు. వంచిన తల వంక చూశాడు. చెయ్యి చాపి, నుదుటి మీంచి జుట్టు వెనక్కి మెల్లగా రాశాడు. కుంకుమ బొట్టు పాపిటదాకా పాకింది.

ఊరి పొలిమేర దాటాక జగదీశ్వరరావు బండి ఆపాడు. "నిన్ను మళ్ళీ పంపొద్దన్నావు. నాన్నకి ఏటని సెప్పమంటావే?"

"శ్రావణం మొదటి రోజే దింపెయ్యమన్నానని చెప్పు."

"ఓలబ్బో! సరే, ముందా మొకం తుడుసుకో. బొట్టంతా అలికీసినావు."

"తుడుచుకోను. అమ్మ చూడాలి."