వానలో మృదంగం, పక్కన ప్యాడ్

అమలాపురం వినాయకచవితి పందిట్లో నా మృదంగం దెబ్బకు ఎలక్ట్రానిక్ ప్యాడ్ తలవంచిందని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను. జనం వేలల్లో వచ్చారని కూడా అంటాను. వేలు కాదు. టార్పాలిన్ కింద పట్టినంతమందే. అందులోనూ సగం వానకు తలదాచుకున్నవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. కొత్తపేట ఫిడేలు విద్వాంసులొకరు ఫిడేలుకీ మృదంగానికీ ప్యాడ్‌కీ కలిపి కొత్త కచేరీ కట్టారు. ప్యాడ్ వాయించేది రాజోలాయన. మస్కట్‌లో పనిచేసి, వస్తూ ఆ పెట్టె తెచ్చుకున్నారు. అంబాజీపేటలో లారీలోకి కొబ్బరికాయలు విసిరే చప్పుడు, అంతర్వేది కెరటం హోరు రికార్డు చేసి అందులో పెట్టారు. కర్రతో కొడితే అవి మోగేవి. మా ముగ్గురికీ శ్రుతి కూడా అందులోంచే.

మొదలుపెట్టే ముందు కమిటీ ప్రెసిడెంటుగారు నవ్వుతూ అన్నారు: "పెట్టెలోనే అన్ని వాయిద్యాలూ ఉన్నాయంటండీ. వచ్చే ఏడు తమరికి శ్రమ ఉండదేమో!"

"ఆయ్" అన్నాను. పందిరి కచేరీలు పోతే నాకు మిగిలేవి ఇంట్లో పాఠాలే.

సగంలో వాన దంచేసింది. తడిగాలికి మృదంగం తోలు సడలి శ్రుతి దిగిపోయింది. రాయితో అంచు మీద కొట్టి చూశాను. ఎక్కలేదు. ముందు వరసలో ప్రెసిడెంటుగారు మెడ సాచారు.

రాజోలాయన కుడిచేతి కర్ర ఆపకుండానే ఎడమచేత్తో ఏదో మీట తిప్పారు. పెట్టెలో శ్రుతి మెల్లగా జారి, నా మృదంగం దగ్గరికొచ్చి ఆగింది. ఫిడేలాయన ఓరగా చూసి, వేళ్లు అక్కడికే జరిపారు. అంతర్వేది కెరటం లేచింది, దాని వెనకే నేను. అదంతా కొత్త సంగీతమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

దిగాక అడిగాను: "మీరెందుకు దించేరండీ?"

"మీది తోలండీ బాబూ, దానికి చలేస్తది. నాది ప్లాస్టిక్కు, దానికేం తెల్సు!"

ఇంతలో ప్రెసిడెంటుగారు వచ్చారు. "ఆ జారుడేంటండీ, అద్భుతం! ఎవరి ఆలోచన?"

నేను నోరు తెరిచేలోగా రాజోలాయన, "మృదంగం గారిదేనండీ" అనేశారు.

"ఆయ్" అన్నాను. నా గొప్పలన్నీ ఆ ఆయ్‌తోనే మొదలయ్యాయి.

"అయితే వచ్చే ఏడూ ముగ్గురూ రావాలి" అన్నారు ప్రెసిడెంటుగారు.

వెళ్లాం. తర్వాత చాలా ఊళ్లూ తిరిగాం. ఎక్కడ కూర్చున్నా, స్విచ్ వేసేముందు రాజోలాయన నావైపు తిరిగి, "ఇవాళ మీ శ్రుతి ఎక్కడుందండీ?" అని అడిగేవారు. ఎండ మండిపోతున్న రోజుల్లో కూడా.