ఆయప్ప అన్న మాట

మా పక్కింటి పాస్టరమ్మగారు గడిచిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. ఆదివారం కాని రోజున జమ్మలమడుగులోని మా వీధి చర్చి గంట, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడమిస్తూ, నిదానంగా మోగింది. ఆ గంట కొట్టే మనిషికి ఒకటే చెయ్యి. ఆ చేతి సంగతినీ ఆమె సంగతినీ కలిపి చెప్పడమే సబబు.

పాస్టరుగా ఉన్న ఆమె భర్త ఏనాడో పోయారు. ఆమె ఆ మట్టిమిద్దెలోనే ఉండి, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వసారాలో ఉపవాస ప్రార్థన జరిపేవారు. ముగియగానే అందరికీ మజ్జిగ ఇచ్చేవారు. గోడకు ఇవతలున్న నన్నూ మరిచేవారు కారు. నేను ఆ ప్రార్థనలో కూర్చున్నవాణ్ణి కాను. మజ్జిగ మాత్రం తాగాను.

నేను తెలుగు పండితుణ్ణి. ఆమె మాటల్లో నాకు మింగుడుపడనిది ఒకటుండేది: ‘ఆయప్ప’. ‘ఆ’, ‘అప్ప’ కలిసి నడుమ యడాగమం వచ్చిన రూపమది. నిర్మాణంలో దోషం లేదు. కాని పాఠ్యభాషలో దానికి చోటు లేదు. పిల్లల వ్యాసాల్లో కనబడితే కొట్టివేసి ‘ఆయన’ అని దిద్దేవాణ్ణి. ఆ మాటే ఆమెతో అంటే, “మీ బళ్లో కొట్టేసుకోండి సారూ, నా నోట్లో యాడ కొట్టేస్తారు?” అని నవ్వేవారు.

ఆ రోజుల్లో ఆ మాటకు వ్యాకరణాన్ని మించిన బరువుండేది. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా ఊరూరా రెండు పార్టీలు. తమ పార్టీ మనిషి ‘ఆయప్ప’; అవతలి పార్టీ మనిషి ‘వాడు’. టీ అంగట్లో ఒక్క సర్వనామం చెవిన పడితే చాలు, పలికినవాడు ఎవరి మనిషో తెలిసిపోయేది. పాస్టరమ్మగారు అందరినీ ‘ఆయప్ప’ అనేవారు. అందుచేత ఇరువర్గాలూ ఆమెను అనుమానించాయి.

ముద్దనూరు వైపు ఒక ఊళ్లో హత్య జరిగిన కొన్నాళ్లకు, ఒక శుక్రవారం, ఆమె గేటు బయట ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గుబురు మీసం, చెంప మీద గాటు, తువాలు కింద దాచుకున్న కుడిచెయ్యి. మా ప్రాంతంలో తువాలు కింద చెయ్యి దాగిందంటే నాటుబాంబో కొడవలో ఉన్నట్టే. వసారాలో హతుని తమ్ముడు కూర్చొని ఉన్నాడు. వచ్చినవాడు అవతలి పార్టీవాడని అతడు వెంటనే గుర్తుపట్టాడు. నేను గోడ మీది నుంచి చూస్తున్నాను.

“అత్తా, గేటు తీయొద్దు! వాడు ఎవడనుకున్నావు? తువాల కింద సూడు!” అంటూ అతడు బండరాయి ఎత్తాడు. మిగిలిన మగవాళ్లూ లేచారు.

ఆమె మెట్లు దిగి గేటు దగ్గరికి నడిచారు.

“ఏమప్పా, శానాసేపు ఎండలో నిలబడినావే. ఏం కావల్ల?”

“ప్రార్థన సేపిచ్చుకుందామని వచ్చినానమ్మా. లోపలికి రావచ్చునా?”

“అత్తా, వాడు...”

“ఆయప్ప ఎవురో నాకు తెలీదు. ప్రార్థనకు వచ్చినాడు, అది తెలుసు. రాయి ఆడ పెట్టి చాప తీసకరాపో అప్పా.”

ఆమె గేటు తీసి, అతని తువాలు అంచు పక్కకు జరిపి చూసి, మళ్లీ కప్పారు. బాంబు లేదు. మణికట్టు నుంచి చెయ్యే లేదు; మరకలు కట్టిన కట్టు మాత్రం ఉంది. బాంబు చుడుతుండగా పేలిందట. చెయ్యి పోయినవాణ్ణి అతని పార్టీవాళ్లు ఆసుపత్రిలోనే వదిలేశారట.

తమ్ముడు రాయి పడేశాడు. చాప మాత్రం తేలేదు. ఆనాటి నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు; అతని వెంట చాలామంది మానుకున్నారు. వసారా బోసిపోయింది. ఆమె, ఆ ఒంటిచేతి మనిషి, మరొక ముసలమ్మ మాత్రమే పాడుకునేవారు.

భయం వేయలేదా అని మరునాడు అడిగాను.

“ఎందుకెయ్యదు సారూ. ఆ మీసం సూస్తే ఎవురికైనా భయమే. అయితే ఆయప్ప కండ్లల్లో నీళ్లు తిరుగుతాండాయి. సంపేకి వచ్చినోడు ఏడుస్తాడా? మన సూపు మొగం కాడికే. ఆ లోపలిది ప్రభువు సూస్తాడు. ఆయన రమ్మన్నోన్ని నేను పొమ్మంటే యట్లా?”

“మరి అన్నను పోగొట్టుకున్న ఆ తమ్ముడో?” అన్నాను.

“ఆయప్ప మనసులో పుండు కూడా ప్రభువుకు కనపడుతుంది. నేను రాయి సూసి ఆయప్పను పోగొట్టుకుంటానా?”

అన్నట్టే అప్పుడప్పుడు అతని ఇంటికి వెళ్లేవారు. తలుపు తీయకపోతే అరుగు మీదే కూర్చొని ప్రార్థన చేసి, మజ్జిగ చెంబు అక్కడే పెట్టి వచ్చేవారు. చెంబు ఖాళీ అయి తిరిగి వచ్చేది, మనిషి రాలేదు.

బుధవారం సాయంత్రం సమాధి దగ్గరికి ఆ తమ్ముడు వచ్చాడు. జుట్టంతా నెరిసింది. పిడికెడు మట్టి వేయడానికి జనం ముందుకు తోసుకుంటున్నారు. గంట కొట్టే మనిషి అందరి వెనక, చెయ్యి తువాలు కింద దాచుకొని నిలబడ్డాడు. తమ్ముడు వెనక్కి తిరిగి చూసి, “ఆయప్పకు దారి ఇడవండప్పా” అన్నాడు.

సర్వనామాల విషయంలో నా చెవి పొరబడదు.

జనం పక్కకు తొలిగారు. అతడు ముందుకు వచ్చి, తువాలు తీసి నేల మీద పెట్టి, మోకరించాడు. ఎడమ అరచేతినీ ఆ మొండిచేతినీ దగ్గరగా చేర్చి మట్టిని లోపలికి తోశాడు. లేచాక తువాలు తీసుకోలేదు. మొండిచేతికి అంటిన నల్లమట్టి, సాయంత్రపు ఎండలో, అందరూ చూస్తుండగా మెల్లగా ఆరుతూ ఉంది.