సావధాన్‌లో వంకర మోచెయ్యి

చెయ్యి విరిగి బాధపడినవాళ్లు లోకంలో బోలెడుమంది. చక్కగా అతికిన చేతిని అన్నం ముద్దల కోసం పాడుచేసుకుని, ఆ పైన ఒక బడినంతటినీ వంకర చేసిన మహానుభావుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కూర్చోండి, చెబుతాను.

దుమ్ముగూడెం దగ్గర ఒక బడిలో నేను డ్రిల్లు మాస్టర్ని. పెళ్లైన కొత్తలో, దసరా సెలవుల్లో, బండి మీద వస్తూ మేకల మందను తప్పించబోయి పడ్డాను. మేకలకేం కాలేదు. నా కుడి మోచెయ్యి విరిగింది. భద్రాచలం దవాఖానాలో సిమెంటు కట్టు వేశారు.

నా భార్య సునందది వేంసూరు. కుడి చెయ్యి కట్టులో ఉంది కదా, పూటపూటా ఆమే కలిపి తినిపించేది. గోంగూర పచ్చడిలో నెయ్యి వేసి, ముద్ద చేసి, "ఆ అనండి" అనేది. నేను కాకిపిల్లలా నోరు తెరిచేవాణ్ణి. ఆ సుఖం ఎరగనివాళ్లకు నన్ను తిట్టే హక్కు లేదు.

కట్టు తీసిన రోజు డాక్టర్ స్పష్టంగానే చెప్పాడు.

"బొక్క అతికింది. ఇయ్యాల్టి నుంచే చెయ్యి ముడుచుడు, చాచుడు షురూ చెయ్యి. కదపకుంటే కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడతది, కండ పొట్టిగైతది, మోచెయ్యి గట్లనే బిగుస్తది. సమజైందా?"

"సమజైంది సార్."

ఇంట్లో అడుగుపెట్టగానే సునంద ఎదురొచ్చింది. "డాక్టరుగారు ఏమన్నారండీ?"

"అస్సలు కదపొద్దన్నడు."

"అయ్యో! అయితే నేనే తినిపిస్తాలెండి."

తన చున్నీతో నా చేతిని మెడకు కట్టింది. నేను మొహాన విచారం పులుముకుని నోరు తెరిచాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది మరీ అతికింది. కొన్ని వారాలకు స్నానాల గదిలో దొంగచాటుగా చెయ్యి చాచబోతే రాలేదు. ముడవబోతే అదీ రాలేదు.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టర్ పిలిచాడు. "జనవరి ఇరవై ఆరుకు పెద్దాఫీసర్ వస్తుండు. కవాతు నడిపియ్యాలె. నీతోని కాకుంటే చెప్పు, లెక్కల సారుకు ఇస్తా."

లెక్కల సారుకా! ఆయనకు తన కుడికాలేదో ఎడమకాలేదో చూసుకుంటే గాని తెలియదు. ఆయన కవాతు నడిపిస్తే నేనిక ఏ మొహంతో ఈల ఊదాలి? "నేనే నడిపిస్త సార్" అనేశాను.

చెయ్యి బిగిసిందనగానే సునంద కూడా బయల్దేరింది; ఇద్దరం పరుగున ఫిజియోథెరపీ మేడం దగ్గరకు వెళ్లాం. ఆమె నా చెయ్యి పట్టి చూసి పెదవి విరిచింది. "కట్టు తీసినంక కదపలేదా ఏంది?"

"డాక్టరుగారే వద్దన్నారండీ," అంది సునంద.

"ఏ డాక్టర్ గట్లంటడమ్మా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను గోడ మీది అస్థిపంజరం బొమ్మను మహా శ్రద్ధగా చూడసాగాను.

"ముద్దల కోసమా?" అంది సునంద. తిడుతుందనుకున్నాను. కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి, శిక్ష వేసింది. "ఇవాళ్టి నుంచి ఆ చెయ్యి నోటిదాకా వస్తేనే మీకు అన్నం."

మేడం కాపడం చెప్పింది, మెల్లమెల్లగా చాచే కసరత్తు చెప్పింది, రాత్రి చెయ్యి చాచి ఉంచే పట్టీ ఇచ్చింది. "జబర్దస్తీ మాత్రం చెయ్యకు" అని హెచ్చరించింది. వింటానా? బడిలోని షాట్‌పుట్ గుండును సంచిలో వేసి చేతికి వేలాడదీశాను. మర్నాటికి మోచెయ్యి బూరెలా పొంగింది.

"ఇది తుప్పుపట్టిన తలుపనుకున్నవా, గుంజితే వస్తదని?" అని మేడం గదమాయించింది. చెయ్యి బిగించనేల, గుండు కట్టనేల! ఆ తర్వాత బుద్ధిగా చెప్పింది చేశాను. ఆకలి పుణ్యమా అని ముడుచుడు తొందరగానే వచ్చింది. చాచుడే ఏడిపించింది.

ఈలోగా పిల్లలతో కవాతు సాధన. కుడిఎడమలు తారుమారు కాకుండా, వాళ్లకు వీపు పెట్టి నిలబడి చేసి చూపించడం నా పద్ధతి. "నేనెట్ల చేస్తె గట్లనే చెయ్యాలె!" అని రోజూ అరిచేవాణ్ణి.

జనవరి ఇరవై ఆరు రానే వచ్చింది. "సావధాన్!" అన్నాను. సాధన చేసినన్నాళ్లూ చాచుకోని నా చెయ్యి ఆ రోజు తాటిచెట్టులా నిటారుగా దిగింది. ఎంత సంతోషమనుకున్నారు! ఆ గర్వంతోనే వెనక్కి తిరిగి చూశాను.

బడి బడంతా కుడి మోచెయ్యి మడిచి నిలబడి ఉంది. ఒక్కొక్కరూ కనపడని సంచీ తగిలించుకున్నట్టున్నారు. యథా మాస్టారు, తథా పిల్లలు.

"చెయ్యి చాచుండ్రి!" పళ్లబిగువున అన్నాను.

ముందు వరుస పిల్ల గొంతెత్తి చెప్పింది. "మీరు గిట్లనే నేర్పిండ్రు గద సార్!"

"ఏందిది?" అన్నాడు ఆఫీసర్.

"మా బడి ప్రత్యేకం సార్," అన్నాడు హెడ్మాస్టర్, తడుముకోకుండా.

ఆఫీసర్ క్షణం ఆలోచించాడు. తెలియదనిపించుకోవడం ఇష్టం లేదేమో, తన కుడి మోచెయ్యీ గంభీరంగా మడిచాడు. పక్కనే హెడ్మాస్టర్ మడిచాడు. లెక్కల సార్ అందరికంటే చక్కగా మడిచాడు. మైదానం మొత్తానికి తప్పుగా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

జెండా సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: డాక్టర్ మాటను పెళ్లానికి పొల్లుపోకుండా చెబుతాను, బతికున్నన్నాళ్లూ పిల్లలకు వీపు చూపించను. ప్రతిజ్ఞ ముగించి, అంత కష్టపడి చాచిన చేతిని మెల్లగా మళ్లీ మడిచాను.